సున్నా చూసి తాళం ఇచ్చాను

నేను రిటైరైన రోజు కాలేజీ వాళ్ళు నాకు శాలువా కప్పారు. స్టేజీ మీద కాలేజీ ఆఫీసు వ్యవహారాలు చూసే ఏఓ గారు మైకు పట్టుకుని, "ఈ పెద్దాయన షెడ్డు ఇన్‌చార్జిగా ఉన్నన్నాళ్ళూ తాగినవాడు ఒక్కడు కూడా మన బస్సు స్టీరింగు ముట్టుకోలేదు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా సిగ్గు లేకుండా చేతులు జోడించి నవ్వాను. ఆ శాలువా మడత విప్పకుండా బీరువాలో ఉంది. బీరువా తెరిచినప్పుడల్లా దాన్ని చూసి ఒళ్ళు మండిపోతుంది. ఏఓ గారు అబద్ధం చెప్పలేదు. తాగినవాడు ఎవడూ బండి తీయలేదు. తాగనివాడికి నేను తాళం ఇచ్చిన సంగతి మాత్రం ఆయన ఎత్తలేదు. ఎత్తకపోతే ఆయనకూ మంచిది, నాకూ మంచిది.

ఇప్పుడు బస్సు షెడ్లలో, స్కూలు వ్యాన్ల దగ్గర, ఫ్యాక్టరీ గేట్ల దగ్గర పొద్దున్నే ఊదే మిషన్ పట్టుకుని నిలబడే కుర్రవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇది మీకోసం రాస్తున్నాను. తాగుడు మానండి అని నీతులు చెప్పడానికి కాదు. నీతులు చెప్పిన మనిషి ఏం చేశాడో చెప్పడానికి.

మదనపల్లె ఊరి బయట ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీ. పేరెందుకు, అలాంటివి ఊరికొకటి ఉన్నాయి. పద్దెనిమిదేళ్ళు లారీ తోలి, నడుము పట్టేస్తే ఆ కాలేజీలో బస్సు డ్రైవరుగా చేరాను. చివరికి షెడ్డు ఇన్‌చార్జిని చేశారు. నేను చుక్క ముట్టనివాణ్ణి. ముట్టకపోవడం గొప్పతనమేమీ కాదు. మా నాన్న సారాయి తాగి తాగి, కళ్ళు పచ్చబడి, కడుపు కుండలా ఉబ్బి, నెత్తురు కక్కుకుని పోయాడు. అప్పుడు నాకు పదహారేళ్ళు. తాగేవాడంటే నాకు జాలి లేదు, కసి. ఆ కసిని నేను చాలా ఏళ్ళు క్రమశిక్షణ అనుకుంటూ తిరిగాను.

డ్రైవర్లు తాగి వస్తున్నారని తల్లిదండ్రుల మీటింగులో గొడవ జరిగాక మేనేజ్‌మెంటు ఊదే మిషన్ కొన్నది. పొద్దున ఆరుగంటలకు డ్రైవర్లు వరసగా నిలబడాలి. ఒక్కొక్కడూ ఊదాలి. సున్నా వస్తే బోర్డు మీదున్న తాళం తీసి ఇస్తాను. వేరే నంబరు ఏదొచ్చినా తాళం లేదు, ఆ రోజు డ్యూటీ లేదు. రిజిస్టర్లో రాసి వాళ్ళ సంతకం, నా సంతకం. ఆ మిషన్ అంటే నాకు ఎంత మోజంటే, "మనిషి అబద్ధం చెబుతాడు, మిషన్ చెప్పదు" అని గేటు పక్క గోడ మీద ఎర్ర పెయింటుతో రాయించాను. అది ఇంకా ఉంది. మొన్న అటువైపు పోతే కనపడింది. ఎవరన్నా ఒక డబ్బా సున్నం ఇస్తే నేనే చెరిపేసి వచ్చేవాణ్ణి.

ఆ డ్రైవరుది కుప్పం దగ్గర ఒక పల్లె. షెడ్డులో అందరం కుప్పం డ్రైవరు అనేవాళ్ళం, పిల్లలు కుప్పం అన్నా అనేవాళ్ళు. వారం రోజులూ షెడ్డు గదిలోనే ఉండి, శనివారం ఊరికి పోయి ఆదివారం సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. పన్నెండేళ్ళలో అతని బండికి గీత పడలేదు. పుంగనూరు లైను అతనిది. పరుగెత్తుకుంటూ వచ్చే పిల్ల కనపడితే రెండు నిమిషాలు ఆపేవాడు, ఆ రెండు నిమిషాలకు నా దగ్గర తిట్లు తినేవాడు. అతని కూతురు మా కాలేజీలోనే రెండో సంవత్సరం చదువుతోంది. స్టాఫ్ పిల్లలకు ఫీజు రాయితీ ఉండేది. ఉద్యోగం ఉన్నంత కాలమే ఆ రాయితీ. ఇది గుర్తు పెట్టుకోండి.

తాగేవాడని అందరికీ తెలుసు. సాయంత్రం డ్యూటీ దిగాక ఒక క్వార్టరు. మిషన్ దగ్గర మాత్రం ఎప్పుడూ సున్నా. అందుకే నేను పట్టించుకోలేదు. చివరి సంవత్సరంలో మనిషి మారుతున్నాడు, అది నా కళ్ళకు కనపడింది కానీ బుర్రకు ఎక్కలేదు. కాళ్ళు చేతులు సన్నబడ్డాయి, పొట్ట మాత్రం ముందుకొచ్చింది. అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోయేవాడు. ట్రిప్పు షీటు రాయడం మరిచిపోయేవాడు. చెప్పులు విప్పేసి వట్టి కాళ్ళతో బండి తోలడం మొదలుపెట్టాడు. యూనిఫాం, బూట్లు తప్పనిసరి అని నేను మెమో ఇచ్చాను. "బూట్లుంటే పెడలు తెలీడం లే సారూ" అన్నాడు. సాకులు చెప్పొద్దన్నాను.

ఆ డిసెంబరులో ఒక సోమవారం పొద్దున మిషన్ మీద నలభై రెండు వచ్చింది.

"రాత్రిది సారూ" అన్నాడు తల వంచుకుని.

రాత్రిది కాదు. తెల్లవారకముందే షెడ్డు వెనక బెల్టు షాపుకు పోయి వచ్చాడు. చేతులు వణకకుండా ఉండాలంటే పొద్దున్నే కొంచెం పడాల్సిన దశకు ఆ మధ్యనే చేరాడని తర్వాత తెలిసింది. డ్రైవర్ని ఊదించడానికి మిషన్ ఉంది. కోడి కూయకముందే షట్టరు సందులోంచి సీసా అందించేవాణ్ణి ఊదించే మిషన్ ఎవరి దగ్గరా లేదు. వాడి మీద కోపం వచ్చినా నేనేం చేయలేను. చేయగలిగింది నా ముందు నిలబడ్డవాడి మీదే కాబట్టి అతని మీద పడ్డాను.

అందరి ముందూ కడిగేశాను. "నీకు పెండ్లాం బిడ్డలు లేరా? నీ కూతురు ఈడనే సదువుతాంది గదా, ఆ బిడ్డ మొగం సూసైనా సిగ్గు లేదా? నలభై మంది పిల్లోళ్ళను ఎక్కించుకుని పొయ్యేవాడివి, ఇంగొక తూరి ఈ మిషన్లో నంబరు కనపడిందా, అప్పుడే ఇంటికి పంపిస్తాను" అన్నాను. అంతటితో ఆగలేదు. డ్రైవర్లకు స్టీరింగు అంటే ఏమిటో మీకు తెలుసు. ఆయుధ పూజకు దానికి పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకుంటాం. అతన్ని బస్సెక్కించి, స్టీరింగు మీద చెయ్యి పెట్టించి, ఈ రోజు నుంచి చుక్క ముట్టనని ఒట్టు వేయించాను. అందరూ చూస్తుండగా వేశాడు. ఆ రోజు బండి ఇవ్వకుండా షెడ్డులోనే కూర్చోబెట్టాను. ఎవరన్నా అతనికి మందు తెచ్చిస్తే వాళ్ళ ఉద్యోగమూ పోతుందన్నాను. చాలా మంచి పని చేశానని నాకు నేనే మురిసిపోయాను.

మధ్యాహ్నం మెకానిక్కు వచ్చాడు. చేతులకు గ్రీసు తుడుచుకుంటూ నిలబడ్డాడు. అతనూ తాగేవాడే, అందుకే అతని మాట నాకు లెక్కలేదు.

"అన్నా, ఒక మాట. ఆయప్ప పొద్దున్నే తాగే మనిషి. అట్లాంటోడు ఒక్క తూరి ఆపేస్తే తట్టుకోలేడన్నా. మా బామ్మర్ది ఇట్లనే మూడో దినానికి ఫిట్స్ వచ్చి పడిపోయినాడు. ఆస్పత్రికి తీసకపోదాం. డాక్టరు సూసి మాత్తర్లు ఇస్తారు."

"నువ్వు యాడ సదివినావప్పా డాక్టరు కోర్సు, బెల్టు షాపులోనా?" అన్నాను.

పక్కనున్నవాళ్ళు పగలబడి నవ్వారు. మెకానిక్కు పానాలు తీసుకుని బస్సు కిందికి దూరాడు.

ఆ రోజు షెడ్డు మొత్తానికి సరైన మాట చెప్పింది అతనొక్కడే. నవ్వించింది నేను. ఇప్పుడు తలుచుకుంటే నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

మంగళవారం ఊదాడు. సున్నా. "సూసినావా, మనసుంటే ఎంత సేపు?" అని భుజం తట్టి టీ ఇప్పించాను. గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నాడు. అయినా సగం టీ చొక్కా మీద ఒలికింది. డిసెంబరులో మదనపల్లె చలి మీకు తెలియంది కాదు, నేనే మఫ్లరు చుట్టుకుని మంకీ టోపీ పెట్టుకుని ఉన్నాను. చలికి వణుకుతున్నాడనుకున్నాను. బండి తీసుకుపోయాడు, తెచ్చాడు. ఆ సాయంత్రం గది బయట కూర్చుని చాలాసేపు ఇంటికి ఫోన్ చేసుకున్నాడు. అది గుర్తుంది నాకు.

బుధవారం.

సెమిస్టరు పరీక్షలు మొదలయ్యే రోజు. స్పేరు డ్రైవరు మాల వేసుకుని శబరిమల పోయాడు. మిగతావాళ్ళు తాళాలు తీసుకుని వెళ్ళిపోయాక అందరికన్నా చివర కుప్పం డ్రైవరు వచ్చాడు. గేటు దగ్గర నేను, అతను తప్ప ఎవరూ లేరు. అంత చలిలో చొక్కా చెమటతో వీపుకు అతుక్కుపోయి ఉంది. మొదటిసారి ఊదితే ఊపిరి చాల్లేదు. రెండోసారీ అంతే. మూడోసారికి సున్నా వచ్చింది.

"సారూ, ఈ పొద్దు సెలవియ్యండి."

"యాల?"

"చేతులు నిలవడం లే సారూ. కండ్ల ముందర పురుగులు పాకినట్ల కనపడతాండాయి. తుడిస్తే లేవు. మళ్ళా వస్తాండాయి."

"సున్నా వచ్చింది గదప్పా?"

"సున్నానే సారూ. ఒట్టు తప్పలేదు నేను. అయినా భయంగా ఉండాది. ఈ ఒక్క దినం ఒదిలెయ్యండి."

అప్పుడు నేనేమన్నానో ఒక్క అక్షరం పొల్లుపోకుండా రాస్తాను. "మాల ఏసుకున్నోళ్ళు నలభై దినాలు చుక్క లేకుండా ఉంటారు. ముప్పై మందిని సూసినాను నేను. వాళ్ళకు లేని పురుగులు నీకు రెండు దినాలకే వచ్చినాయా? మందు కోసరం సెలవు అడుగుతాండావు, నాకు తెలీదా? పరీచ్చ పిల్లోళ్ళు పుంగనూరులో కాసుకోని ఉంటారు. నాటకాలు సాలించి బండి తియ్."

తాళం బల్ల మీద పడేశాను. అతను తాళాన్ని కాసేపు చూశాడు. నన్ను చూడలేదు.

"సరి సారూ" అని తీసుకున్నాడు.

రిజిస్టర్లో సున్నా వేసి సంతకం పెట్టించుకున్నాను. అతని సంతకం గీత గీతగా, కోడి కెలికినట్టుంది. దాన్ని కూడా చూశాను. చూసి పేజీ తిప్పాను.

తర్వాత జరిగింది పిల్లలు చెప్పారు. పుంగనూరులో అందర్నీ ఎక్కించుకుని మదనపల్లె వైపు బయలుదేరాడు. కొంచెం దూరం వచ్చాక వైపరు వేశాడు. వాన లేదు, మంచు కూడా విడిచిపోయింది. ఎండు అద్దం మీద వైపరు కీచుమంటూ తిరుగుతుంటే వెనక మగపిల్లలు ఈలలు వేశారు. అతను బండి నెమ్మది చేశాడు. ఒక టమాటా తోట పక్కన రోడ్డు దిగి ఆపాడు. హ్యాండు బ్రేకు లాగాడు. ఇంజను ఆపాడు. తాళం పీకి, వెనక్కి తిరిగి, ముందు సీట్లో పుస్తకం చూసుకుంటున్న అమ్మాయి చేతిలో పెట్టాడు.

"అమ్మా, ఇది నీ దగ్గర పెట్టుకో. నేనడిగినా ఇయ్యొద్దు."

అని సీట్లోంచి లేచాడు. లేచినవాడు లేచినట్టే బిగుసుకుపోయి మెట్ల మీదికి పడ్డాడు. కొట్టుకోవడం మొదలైంది. నోట్లో నురగ, కరుచుకున్న నాలుక నుంచి నెత్తురు. ఫుట్‌బోర్డు ఇనుముకు తల తగిలి చీరుకుపోయింది.

ఆ అమ్మాయే ఫోన్ చేసింది. నేను, మెకానిక్కు జీపులో పోయాం. అప్పటికి రెండోసారి ఫిట్స్ వచ్చి ఆగాయి. పిల్లలు రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. నలభై మంది పిల్లల్లో ఒక్కరికీ! అమ్మాయి తాళాన్ని పిడికిట్లో బిగించి పట్టుకుని ఉంది. నేను చెయ్యి చాపితే వెంటనే ఇవ్వలేదు. "అన్న అడిగినా ఇయ్యొద్దన్నాడు సార్" అని ఏడ్చేసింది. పొద్దున నేను ఇవ్వకుండా ఉండాల్సిన తాళం అది. స్పృహ సగం పోతున్న మనిషికి తట్టింది, మఫ్లరు చుట్టుకుని కుర్చీలో కూర్చున్న నాకు తట్టలేదు.

మదనపల్లె ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. "చివరిసారి ఎప్పుడు తాగాడు?" అని అడిగింది.

నేను ఛాతీ విరుచుకుని, "తాగలేదమ్మా. నేనే దగ్గరుండి మాన్పించినాను. ఈ పొద్దు మిషన్లో సున్నా" అన్నాను.

ఆమె నా వైపు తిరిగి చూసిన చూపు నాకు ఇప్పటికీ మండుతుంది.

"సున్నా కాబట్టే పడ్డాడు" అంది. "మీరు బండ్ల మనిషి కదా, మీ లెక్కలోనే చెబుతాను వినండి. మందు మెదడు మీద బ్రేకు. ఇన్నేళ్ళు రోజూ ఆ బ్రేకు తొక్కిపెట్టే ఉంది. బండి ఆగిపోకుండా ఉండాలని మెదడు యాక్సిలేటరు మీద యాక్సిలేటరు తొక్కుతూ వచ్చింది. మీరు రెండు రోజుల కింద బ్రేకు మీదున్న కాలును పట్టుకుని ఒక్కసారిగా పీకేశారు. ఇప్పుడు బండి ఏమవుతుంది?"

ఆమె అతని కనురెప్ప ఎత్తి చూసింది.

"వణుకు, చెమటలు, లేని పురుగులు కనపడటం, ఇవన్నీ ముందే వచ్చుండాలి. ఎవరికీ చెప్పలేదా?"

ఆ మాట దాటేశాను.

మాల వేసుకున్నవాళ్ళు ఎలా ఉండగలుగుతున్నారని అడిగాను. సిగ్గు లేక అడిగాను. వారానికోసారి తాగేవాడు వేరు, పొద్దున లేవగానే తాగకపోతే నిలబడలేనివాడు వేరు అని చెప్పింది. మాల వేసుకున్న వాళ్ళలో కూడా రెండో రోజు, మూడో రోజు ఇలా పడి వచ్చేవాళ్ళు ఉంటారట. దేవుడు పూనాడనో, గాలి సోకిందనో ముందు ఎక్కడెక్కడో తిప్పి, చివరికి తెస్తారట. "మానడం తప్పు కాదు, మానాల్సిందే. కానీ ఇలాంటివాళ్ళు ఆస్పత్రిలో, మందులు వాడుతూ మానాలి. ఒట్టు పెట్టించడం వైద్యం కాదు" అంది. గ్లూకోజు ఎక్కించండి అని పక్కన ఎవరో సలహా ఇస్తే, ముందు విటమిను సూది, తర్వాతే గ్లూకోజు అని కసిరింది. లేకపోతే మెదడు ఇంకా దెబ్బతింటుందట. అతని అరికాలు మీద గుండుసూది మొనతో పొడిచి చూసింది. అతను కాలు కదపలేదు. నరాలు చచ్చుబడ్డాయి, చాలా రోజులై ఉంటుంది అంది. వట్టి కాళ్ళతో ఎందుకు బండి తోలేవాడో అప్పుడు తెలిసింది నాకు. కాలి కింద పెడలు ఉందో లేదో తెలుసుకోవడానికి పాపం తంటాలు పడుతుంటే నేను మెమో ఇచ్చాను.

మంచానికి కట్టేశారు. ఐదు రోజులు అతను ఈ లోకంలో లేడు. కట్టేసిన చేతులతోనే గాలిలో స్టీరింగు తిప్పేవాడు. "పక్కకి జరగండమ్మా, పక్కకి" అని అరిచేవాడు. భార్య కుప్పం నుంచి వచ్చి మంచం కోడు పట్టుకుని కూర్చుంది. ఆమె ముఖం చూడలేక నేను కారిడార్లోనే నిలబడిపోయేవాణ్ణి.

ఈలోగా ఊరంతా ఒకటే మాట. కాలేజీ బస్సు డ్రైవరు ఫుల్లుగా తాగి పడిపోయాడని. ఫోన్లలో ఫోటోలు. తల్లిదండ్రులు గేటు దగ్గరికి వచ్చి తాగుబోతు నా కొడుకుని తీసేయండని కేకలు. ఆ మనిషి తాగి పడలేదు, తాగకుండా పడ్డాడు! మీ పిల్లల్ని రోడ్డు పక్కన భద్రంగా ఆపి మరీ పడ్డాడు! ఆ మాట అక్కడ గట్టిగా అరిచి చెప్పాల్సిన మనిషి ఒకడున్నాడు. వాడు ఏఓ గారి గదిలో మెత్తటి కుర్చీలో కూర్చుని రిజిస్టరు తెరిచి చూపిస్తున్నాడు.

ఏఓ గారు సున్నా చూశారు. సంతకాలు చూశారు. "నువ్వు సేఫ్" అన్నారు. తర్వాత కళ్ళజోడు తీసి అడిగారు.

"పొద్దున వాడు నీతో ఏమన్నా చెప్పాడా, ఒంట్లో బాగాలేదని?"

రిటైర్మెంటు ఏడాదిన్నరలో ఉంది. చెప్పాడు సార్, సెలవు అడిగాడు, నేనే ఇవ్వలేదు. ఇంతే చెప్పాలి.

"లేదు సార్" అన్నాను.

వారం తిరక్కుండా అతన్ని తీసేశారు. కాగితంలో ఏం రాశారో తెలుసా? "తన అనారోగ్యాన్ని దాచిపెట్టి విధులకు హాజరై విద్యార్థుల ప్రాణాలకు ముప్పు తెచ్చినందుకు." దాచిపెట్టి! దాచింది ఎవరు? అతనితో పాటు కూతురి రాయితీ పోయింది. ఆ సంవత్సరం చివర ఆ పిల్ల హాస్టలు ఖాళీ చేసి, సంచీ సర్దుకుని షెడ్డు ముందు నుంచే నడిచిపోయింది. నమస్తే అంకుల్ అని కూడా అంది.

మెకానిక్కు ఒక్కసారి అడిగాడు. "అన్నా, నిజంగా ఆయప్ప నీకేమీ సెప్పలేదా?"

"నన్ను అనుమానిస్తాండావా?" అని అతని మీద విరుచుకుపడ్డాను. తప్పు చేసినవాడి గొంతే పెద్దగా లేస్తుంది. అతను ఆ తర్వాత నాతో పని మాట తప్ప వేరే మాట మాట్లాడలేదు. నా వీడ్కోలు సభకూ రాలేదు. వచ్చిన వాళ్ళందరి కన్నా రాని ఆ ఒక్కడి మీదే నాకు గౌరవం.

శాలువా కప్పిన నాలుగో రోజు కుప్పం బయలుదేరాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. బస్సు పుంగనూరు చేరేలోపు ఆ టమాటా తోట వచ్చింది. కళ్ళు మూసుకున్నాను.

వాళ్ళ ఇల్లు రెండు గదులు. ఒక గది నిండా పట్టుపురుగుల తట్టలు. అతను కింద కూర్చుని మల్బరీ ఆకు పరుస్తున్నాడు. నన్ను చూసి గోడ పట్టుకుని లేచాడు. నడక తూలుతోంది, పాదాలు ఎక్కడ పడుతున్నాయో చూసుకుంటూ వేస్తున్నాడు. కానీ కళ్ళు తేటగా ఉన్నాయి. ఆస్పత్రి నుంచి వచ్చాక చుక్క ముట్టలేదట. నెలనెలా ఆస్పత్రికి పోయి మాత్రలు తెచ్చుకుంటున్నాడట.

"రండి సారూ, కూసోండి. పురుగుల గది అని అనుకోవాకండి. ఇవి నిజం పురుగులే, నాకొక్కడికే కాదు, అందరికీ కనపడతాయి" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు.

టీ తాగాం. గ్లాసు ఒంటి చేత్తో పట్టుకున్నాడు. కొంచెమే వణికింది. అప్పుడు అన్నాడు.

"నాకు ఆ వారం దినాలు గ్యాపకమే లేవు సారూ. వైపరు ఏసినానంట, తాళం పిల్లకిచ్చినానంట, అన్నీ ఇంగొకరు సెప్తే ఇనిందే. డాక్టరమ్మ ఇంగ గ్యాపకం రాదనింది. ఒకటే నన్ను తినేస్తాంది. మీకు యాల సెప్పలేదో నేను. సెప్పింటే మీరు బండి ఇచ్చిండరు గదా. పిల్లోళ్ళకు ఏమన్నా అయ్యింటే? నా బిడ్డ సదువు నేనే సెడగొట్టుకున్నాను సారూ."

గొంతు దాకా వచ్చింది. మింగేశాను. ఆ క్షణంలో కూడా మింగేశాను. వస్తాను అని లేచాను.

అతని భార్య వాకిలి దాటి రోడ్డు దాకా నా వెంట వచ్చింది. చెంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

"సారూ, మంగళారం సాయంత్రం నాకు ఫోన్ జేసి, ఒళ్ళు బాగలేదు, రేపు సారును సెలవడుగుతాను అన్నాడు. అడుగు, సారు మంచోడు, ఇస్తాడు అని నేనే సెప్పినాను. అడిగినాడా లేదా?"

రోడ్డు మీద ట్రాక్టరు ఒకటి పోతోంది. అది పోయేదాకా ఆగాను.

"అడిగినాడమ్మా. నేనే ఇయ్యలేదు."

ఆమె తిడుతుందనుకున్నాను. చెప్పు తీసుకుని కొట్టినా పడేవాణ్ణి.

"యాల సెప్పలేదని నేనూ ఆయన్ను తిట్టినాను సారూ. ఇన్ని దినాలూ తిట్టినాను. నా బిడ్డా తిట్టింది" అంది. కళ్ళల్లో నీళ్ళు లేవు. "నాతో కాదు. లోపలికి వచ్చి ఆయనతో సెప్పండి."

మళ్ళీ లోపలికి పోయాను. నిలబడే చెప్పాను. సున్నా, సెలవు, పురుగులు, మాల, నాటకాలు అన్న మాట, ఏఓ గారి గదిలో నేనన్న "లేదు సార్", మొత్తం చెప్పాను. అతను చేతిలో ఆకు పట్టుకుని విన్నాడు. విని తల అడ్డంగా ఊపాడు.

"ఊరుకోండి సారూ. నా మనసు కుదుటపడాలని మీ మీద ఏసుకుంటాండారు. నాకు మీ సంగతి తెలీదా? మీరు అట్లా చేసే మనిషి కాదు."

"లేదప్పా, నిజం."

"పన్నెండేండ్లు సూసినాను సారూ మిమ్మల్ని."

నమ్మలేదు. ఎంత చెప్పినా నమ్మలేదు. మళ్ళీ ఆకు పరచడం మొదలుపెట్టాడు. గుమ్మంలో నిలబడ్డ అతని భార్యే అంది.

"అట్లయితే రాసియ్యండి సారూ. నోటి మాట ఆయన నమ్మడు, ఊరూ నమ్మదు. కాగితం మీద రాసియ్యండి."

కాలేజీకి రాసి పంపాను. ఏఓ గారు ఫోన్ చేసి, రిటైరైపోయావు కదా, హాయిగా ఉండక పాత సంగతులు ఎందుకు తవ్వుతావు అన్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. మిషన్ చేతికి వచ్చిన కుర్రవాళ్ళూ, ఎదురుగా నిలబడ్డ మనిషి చేతులు చూడండి, సంతకం చూడండి, మాట వినండి. అతను నన్ను నమ్మలేదు, మీరన్నా నమ్మండి.

ఆ బుధవారం పొద్దున ఆరున్నరకు, మిషన్లో సున్నా వచ్చిన తర్వాత, కుప్పం డ్రైవరు నన్ను సెలవు అడిగాడు. రెండుసార్లు అడిగాడు. నేను ఇవ్వలేదు.